సంగం దాటితే

నెల్లూరులో ఆత్మకూరు బస్సెక్కితే బుచ్చిరెడ్డిపాళెం దాటిందాకా కిటికీకి రెండు పక్కలా వరిపొలాలే. తర్వాత సంగం వస్తుంది. అది దాటి ఇంకాస్త పోతే పచ్చదనం పలచబడి, ఎర్రమట్టి, సర్కారు తుమ్మ మొదలవుతాయి. చిన్నప్పుడు సెలవులకి తాతవాళ్ల ఊరు వెళ్లేటప్పుడు అమ్మ నన్ను సరిగ్గా సంగంలోనే తట్టి లేపేది. "లెయ్యి, ఇంక మన మెట్టే" అని.

పోయిన సంక్రాంతికి మామ ఫోన్ చేశాడు. తాత పొలానికి బేరం వచ్చిందట, అమ్మ కూడా సంతకం పెట్టాలి. కొనడానికొచ్చినాయన సర్వే నంబరు కంటే ముందు అడిగిన మాట ఒకటి చెప్పాడు: "పొలం యాడుంది? సంగానికి ఈవలా, ఆవలా?"

హైదరాబాదులో కూచుని కోడ్ రాసుకునే నాకు సంగం అంటే అప్పటిదాకా టీకి ఆగే ఊరు. ఎకరం ధరని తేల్చే గీత అక్కడ ఎప్పుడు పడిందో తెలుసుకోవాలనిపించింది. ఆ తర్వాత కొన్ని శని, ఆదివారాలు స్కాన్ చేసిన పాత పుస్తకాలతోనే గడిచాయి.

పేరు సంగతి తేలికే. పెన్నలో బీరాపేరు కలిసే చోటు, అందుకని సంగమం, సంగం. (ఏటి పేరులోనే 'పేరు' ఉండటం నాకు చిన్నప్పుడు పెద్ద తమాషా.) ఒడ్డున కామాక్షీ సమేత సంగమేశ్వరుడి గుడి. బోర్డుల మీద కొన్నిచోట్ల 'సంగం', కొన్నిచోట్ల 'సంఘం' అని ఉంటుంది. ఇదే మండలంలో గాంధీజనసంఘం అని ఇంకో ఊరుంది కాబట్టి ఆ గందరగోళాన్ని క్షమించొచ్చు.

పెన్న కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి, అనంతపురం, కడప సీమలు దాటి, సోమశిల దగ్గర కొండల్ని చీల్చుకుని నెల్లూరు జిల్లాలోకి వస్తుంది. మొత్తం 597 కిలోమీటర్ల నది. అందులో నీళ్లు నిండుగా కనపడే రోజులు తక్కువ. ఈ ప్రాంతానికి ఎక్కువ వాన అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. వస్తే 2021 నవంబరులో వచ్చినట్టు రోడ్లనీ రైలుపట్టాల్నీ కోసేస్తుంది. మిగతా కాలం ఇసుక. ఇలాంటి ఏటిని నమ్ముకుని సేద్యం చేయాలంటే నీళ్లని ఎక్కడో ఒకచోట ఆపి పక్కకి తిప్పాలి. కొండల్లోంచి బయటపడిన ఏరు మైదానంలో సాగుతూ, ఇంకో ఏటిని కలుపుకుని డెల్టా వైపు పోయే ఇలాంటి చోటు అందుకు అనుకూలం.

ఆ పని జరగడానికి చాలా ముందే మెట్టకీ మాగాణికీ ఇక్కడ పేచీ ఉంది. కాటమరాజు కథ తెలిసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. 13వ శతాబ్దం. శ్రీశైలం వైపు కరువొచ్చి, యాదవులు ఆవుల మందల్ని తోలుకుని నెల్లూరి సీమ బీళ్లకి వస్తారు. నెల్లూరి రాజు మనుమసిద్ధితో పుల్లరి ఒప్పందం కుదురుతుంది, తర్వాత చెడుతుంది, యుద్ధమవుతుంది. రాజు తరఫున ఖడ్గ తిక్కన చచ్చిపోతాడు. ఈయన భారతం రాసిన తిక్కన బంధువే. మనం దీన్ని వీరగాథ అంటాం. ఈసారి చదువుతుంటే నాకు మాత్రం వర్షం లేని నేల మనుషులు నీళ్లున్న నేల మనుషుల్ని గడ్డి అడగడం, వాళ్లు దానికో రేటు కట్టడం కనిపించింది. వీరత్వం ఆ తర్వాతే.

1801లో నెల్లూరు ఆర్కాటు నవాబు చేతిలోంచి ఈస్టిండియా కంపెనీకి పోయింది. 1873లో బాస్వెల్ నెల్లూరు జిల్లా మాన్యువల్ అచ్చయింది. పెద్ద పుస్తకమే. కానీ దాన్ని తిరగేస్తూ సంగం ఆనకట్ట కోసం వెతికితే దొరకదు, అప్పటికి అది లేదు కాబట్టి. నెల్లూరు ఊరి దగ్గరి ఆనకట్ట 1850లలోనే మొదలైంది. ఎగువన సంగం దగ్గర రెండోది కట్టింది 1880లలో, 1876-78 కరువు అయిపోయాక. 1886కి పూర్తయింది. అంటే మా అమ్మ నన్ను తట్టి లేపిన ఆ సరిహద్దుకి ఇప్పటి రూపం వచ్చి ఒకటిన్నర శతాబ్దం కూడా కాలేదు. మెట్ట అనాదిగా మెట్టే, డెల్టా అనాదిగా డెల్టానే అని మా బంధువులు మాట్లాడుకుంటుంటే నేనూ నమ్మాను.

ఆనకట్టకి గేట్లుండవు. అది ఏటికి అడ్డంగా కట్టిన రాతిగోడ. నీటిమట్టం కొంచెం లేస్తే చాలు, ఒడ్డునున్న తూముల్లోంచి కాలువల్లోకి పారుతుంది. ఎక్కువైంది గోడ మీదుగా దొర్లిపోతుంది. సంగంలో ఆగిన నీళ్లు కనిగిరి జలాశయానికి పోతాయి (కనిగిరి ఊరు వేరు, ఇది బుచ్చి దగ్గరిది). అక్కడినుంచి డెల్టా పొలాలకి. ఉత్తరానికి కావలి కాలువ, దక్షిణపు ఒడ్డున కనుపూరు కాలువ. ఇవన్నీ దిగువకే, పల్లానికే. గోడకి పడమర ఉన్న ఎత్తు నేలకి దాంతో పని లేదు. నీళ్లు పైకి పారవు, ఇందులో కుట్రేమీ లేదు. కాకపోతే గోడ కట్టాక కింద నేల విలువ పెరిగింది, పైన నేల ఉన్నచోటే ఉండిపోయింది. అక్కడివాళ్లు చెరువునీ వాననీ చూసుకుంటూ కూచున్నారు.

అమ్మమ్మది దిగువ ఊరు, ఇంటి ముందే కాలవ. పెళ్లయి మెట్టకి వచ్చింది. తాతతో తగువైనప్పుడల్లా ఒకటే మాట: "కాలవలో కాళ్లు కడుక్కునే పిల్లని తెచ్చి నెత్తిన బిందె పెట్టినారు." తాత తిరిగి ఏమీ అనేవాడు కాదు. ఒకసారి మాత్రం, ఆమె లోపలికెళ్లాక, నాతో అన్నాడు: "నీళ్లు మన జిల్లాలోకి మన పక్కనించే వస్తాయి అబ్బయ్యా. వచ్చి, పోతాయి."

పాత ఆనకట్ట అరిగిపోయింది. 2006లో కొత్త బ్యారేజీకి శంకుస్థాపన జరిగింది, 2022 సెప్టెంబరు 6న ప్రారంభమైంది. అంటే 16 ఏళ్లు. తెల్లవాళ్లని పొగిడే ఉద్దేశం లేదు గానీ, ఈ లెక్క చూసి ఇంజినీరింగ్ చదివినవాడిగా కొంచెం సిగ్గేసింది. 1,195 మీటర్ల పొడవు, 85 గేట్లు, మీద రెండు వరసల రోడ్డు. అదే ఏడు ఫిబ్రవరిలో చనిపోయిన ఆత్మకూరు ఎమ్మెల్యే, మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి పేరు పెట్టారు. దీనికింద ఆయకట్టు 3.85 లక్షల ఎకరాలు: పెన్నా డెల్టా 2.47 లక్షలు, కావలి కాలువ 75 వేలు, కనుపూరు కాలువ 63 వేలు. మళ్లీ అవే కాలువలు. 1886లో పడిన గీత కాంక్రీటులో ఇంకాస్త గట్టిపడింది.

పడమటి వైపు అసలేమీ జరగలేదంటే అబద్ధమవుతుంది. సోమశిల డ్యామ్ ఉంది, దాని ఉత్తర కాలువ కొన్ని మెట్ట ఊళ్లని తడిపింది. తాత పొలం దాకా రాలేదు, అంతే.

మార్చిలో అమ్మని తీసుకుని వెళ్లాను. సంతకానికి ముందు బ్యారేజీ చూపిద్దామని సంగంలో దిగాం. గేట్లు దించి ఉన్నాయి. ఎగువన నీళ్లు పరుచుకుని ఉన్నాయి, దిగువన ఇసుకలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. ఒకప్పుడు ఏరొస్తే ఈ దారిన పొదలకూరు వైపు పోలేకపోయేవాళ్లు, ఇప్పుడు ఆటోలు, ట్రాక్టర్లు ఆగకుండా పోతున్నాయి. అమ్మ రెయిలింగ్ పట్టుకుని చాలాసేపు ఎగువకే చూసింది. "ఇన్ని నీళ్లుంటాయని మీ తాత ఎప్పుడూ చెప్పలేదు" అంది.

మామ మళ్లీ ఫోన్ చేశాడు. కొనేవాళ్లు రిజిస్ట్రారాఫీసు దగ్గరికి వచ్చేశారట. అమ్మ ఫోన్ తీసుకుని, "వస్తున్నాం, సంగంలో ఉన్నాం" అంది. మామ అవతలినుంచి అడిగింది నాక్కూడా వినపడింది.

"ఈవలా, ఆవలా?"

"మధ్యలో" అంది అమ్మ.