ఒకే సొరుగులో ఇద్దరు రాములు

గ్రంథాలయాల్లో పుస్తకాల పేర్లు అట్టముక్కల మీద రాసి చెక్క సొరుగుల్లో పేర్చిన రోజులవి. 'బె' సొరుగు లాగి వేలితో తిప్పుతుంటే బెల్లంకొండ రామదాసు తగిలాడు. ఆయన వెనకే, ఆనుకుని, బెల్లంకొండ రామరాయకవి. ఒకరు అభ్యుదయ కవి, మరొకరు అద్వైత పండితుడు. అకారాది క్రమం తప్ప ఇంకేదీ వాళ్లిద్దర్నీ పక్కపక్కన నిలబెట్టలేదు. రామరాయకవి కన్నుమూసేనాటికి రామదాసు పుట్టనేలేదు.

రామరాయకవిది నరసరావుపేట దగ్గరి పమిడిపాడు. 1875లో పుట్టి 1914లో పోయారు. నలభై నిండలేదు. ఆ కాస్త ఆయుష్షులోనే వందకు పైగా సంస్కృత గ్రంథాలు రాశారంటే, ఎప్పుడు తిన్నారో ఎప్పుడు పడుకున్నారో అనిపిస్తుంది. ఉపాసించింది హయగ్రీవుణ్ని. పేరు తెచ్చిన పుస్తకం 'శంకరాశంకర భాష్య విమర్శ'. ఆ పేరును కాస్త విడదీసి చూడండి: శంకర, అశంకర. శంకరుల భాష్యాన్నీ, ఆయన్ని కాదన్నవాళ్ల భాష్యాలనూ ఎదురెదురుగా నిలబెట్టి తేల్చడం. ఒక్క 'అ'కారంతో పందెం కట్టిన మనిషి అసలు వాదం ఎలా చేస్తాడో ఊహించుకోవచ్చు. గీతకు శంకరులు రాసిన భాష్యం మీద 'భాష్యార్క ప్రకాశ' కూడా ఈయనదే. పండితులు నేటికీ ఈయన పేరు గౌరవంగా తలుస్తారు. పల్నాట్లో మామూలు చదువరికి మాత్రం ఆ పేరే తెలియదు.

రామదాసు సంగతి వేరు. 1944లో కుందుర్తి ఆంజనేయులు, ఏల్చూరి సుబ్రహ్మణ్యం, ఈయన కలిసి 'నయాగరా' అనే కవితా సంపుటి తెచ్చారు. తెలుగులో తొలి అభ్యుదయ కవితా సంపుటిగా దాన్ని చెబుతారు. నాకెప్పుడూ ఆ పేరు దగ్గరే నవ్వొస్తుంది. సాగర్ కుడికాలువకు నీళ్లు వదిలింది 1967లో. అంతకు 23 ఏళ్ల ముందు, వానకోసం మొగులు చూసే నరసరావుపేట ప్రాంతపు కుర్రాళ్లు తమ పుస్తకానికి ఎక్కడో అమెరికా అంచున దూకే జలపాతం పేరు పెట్టుకున్నారు! ముగ్గురిలో కుందుర్తి వచన కవితకు జెండా అయ్యాడు, 1977లో సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నాడు. రామదాసు పేరు మాత్రం ఎక్కువగా 'నయాగరా కవులు' అనే మూకుమ్మడి మాటలోనే మిగిలింది. అది అన్యాయమే.

ఈ తరానికి బెల్లంకొండ అంటే సినిమా. 2002లో 'చెన్నకేశవరెడ్డి' తీసిన నిర్మాత సురేష్, 2014లో 'అల్లుడు శీను'తో తెరకెక్కిన ఆయన కొడుకు శ్రీనివాస్.

వీళ్లందరి ఇంటిపేరు వెనకా ఉన్నది ఒక ఊరు. ఊరి నెత్తిన కొండ, కొండ మీద కోట. 1515లో కొండవీడు మీదికి దండెత్తినప్పుడు కృష్ణదేవరాయలు పట్టిన దుర్గాల్లో వినుకొండ, నాగార్జునకొండలతోపాటు ఇదీ ఉంది. తర్వాత గోలకొండవాళ్ల చేతికొచ్చింది. బెల్లానికీ ఆ రాళ్లకూ పొత్తేమిటని అడిగితే, అది 'బిలం' కొండ, గుహల కొండ అనేవాళ్లున్నారు. తీపి మాటకన్నా నాకు చీకటి గుహే నమ్మబుద్ధవుతుంది.

ఊరు వదిలినా ఊరిపేరు వదలకపోవడం మనవాళ్లకు అలవాటు. దాన్ని వదిలించేది పత్రికల్లో సంతాప వార్తే. అంతపొడవు పేరు ఆ రెండు వరసల్లో పట్టక 'బి.' అయిపోతుంది. ఆ 'బి.' వెనక బెజవాడ ఉందో, బండి ఉందో, బొడ్డు ఉందో చదివేవాడికి తెలియదు. కోటా, కొండా అన్నీ ఒక చుక్క కింద పడిపోతాయి.

గుంటూరు నుంచి మాచర్ల పోయే రైల్లో సత్తెనపల్లి దాటాక కిటికీ పక్కన కూర్చుని చూడండి. అక్కడ పసుపుపచ్చ పలక మీద మాత్రం పేరు పూర్తిగా రాసి ఉంటుంది.