అనుమతి పత్రం, ఓడ, పల్లకీ: తెలుగు నేలకు వచ్చిన మిషనరీ కుటుంబాలు

ఫిల్మ్‌నగర్ నుంచి ఒక సినిమా యూనిట్ పాట చిత్రీకరణకు విదేశం వెళ్ళాలంటే కథానాయకుడి నుంచి లైట్‌బాయ్ వరకు అందరికీ పాస్‌పోర్టు, వీసా ఉండాలి. కెమెరాలను తిరిగి తెచ్చుకోవడానికి వేరే పత్రాలు కావాలి. జూబ్లీహిల్స్‌లో ప్రొడక్షన్ మేనేజర్లకు ఇది అలవాటైన పని. రెండు శతాబ్దాల కిందట ఇలాంటి తంటాలే ఎదురు దిశలో ఉండేవి. తెలుగు ప్రాంతానికి రాదలచిన మిషనరీ కుటుంబాలు అనుమతి కోసం నెలల తరబడి ఎదురుచూసేవి. వారి మతప్రచారం గురించి పాఠ్యగ్రంథాలలో చాలానే ఉంటుంది. ఎలా ప్రయాణించారు, ఎవరి అనుమతితో నిలిచారు అన్నది తక్కువగా కనిపిస్తుంది. వలస ప్రభుత్వం ఎవరిని నమ్మింది, ఎవరిని అనుమానించింది అని తెలుసుకోవడానికి మాత్రం ఈ వివరాలే ఎక్కువ ఉపయోగపడతాయి.

1813కు ముందు ఈస్టిండియా కంపెనీ అనుమతి లేకుండా ఐరోపావాసులెవరూ దాని భూభాగంలో నివసించడానికి వీల్లేదు. మిషనరీలంటే కంపెనీకి భయం. మతం జోలికి వెళితే ప్రజలు, ముఖ్యంగా సిపాయిలు తిరగబడతారని, వ్యాపారం దెబ్బతింటుందని అధికారులు తలచేవారు. అందుకే లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1804లో ఇంగ్లీషు ఓడ ఎక్కలేదు. కోపెన్‌హేగెన్ నుంచి బయలుదేరి డేనిష్ వారి అధీనంలోని తరంగంబాడిలో దిగారు. 1805లో విశాఖపట్నం చేరారు. అక్కడి ఆంగ్లేయులకు ఆరాధన జరిపించే పని దొరకడం వారు నిలదొక్కుకోవడానికి తోడ్పడింది. మరుసటి ఏడాదే వెల్లూరు సిపాయిల తిరుగుబాటు జరిగి, మిషనరీలపై అనుమానం ఇంకా పెరిగింది. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో మరణించారు. ఆనందరాయర్ సహాయంతో డెస్ గ్రాంజెస్ చేసిన తెలుగు సువార్తల అనువాదం ఆయన పోయాక, 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయింది.

అనుమతి దొరకని కుటుంబాల గతి ఏమిటో అమెరికన్ దంపతులు అడోనిరామ్, ఆన్ జడ్సన్‌ల కథ చూపిస్తుంది. 1812 జూన్‌లో వారు కలకత్తాలో దిగారు. బ్రిటన్, అమెరికాల మధ్య యుద్ధం మొదలైంది కూడా ఆ నెలలోనే. వెళ్ళిపొమ్మని కంపెనీ ఆదేశించింది. వారితో పాటు వచ్చిన హ్యారియట్ న్యూవెల్ గర్భవతి. భర్తతో కలిసి ఐల్ ఆఫ్ ఫ్రాన్స్‌కు, అంటే నేటి మారిషస్‌కు, వెళ్తుండగా ఓడలోనే ప్రసవించింది. బిడ్డ దక్కలేదు. కొన్ని వారాలకే, 19 ఏళ్ళ వయసులో, ఆమె కూడా ఆ దీవిలో కన్నుమూసింది. జడ్సన్ దంపతులు 1813 జూన్‌లో మారిషస్ నుంచి మద్రాసు వచ్చారు. తమ రాక కబురు కలకత్తాకు చేరితే ఇంగ్లండుకు పంపేస్తారని భయపడి, రంగూన్ వెళ్ళే ఓడ దొరకగానే ఎక్కేశారు. దారిలో ఆన్‌కు మృత శిశువు పుట్టింది. వారు రంగూన్ చేరిన జూలై నెలలోనే లండన్‌లో 1813 చార్టర్ చట్టం ఆమోదం పొందింది. మిషనరీలు లైసెన్సు అడిగి రావడానికి ఆ చట్టం దారి తెరిచింది. చట్టాల తేదీలను వరుసగా చదివేటప్పుడు ఈ మూడు చావులు కనబడవు.

1833 చార్టర్ చట్టం కంపెనీ పాత భూభాగాల్లో నివసించే బ్రిటిష్ ప్రజలకు లైసెన్సు అవసరాన్ని తొలగించింది. ఇతర దేశస్థులపై కూడా పట్టు సడలింది. అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున శామ్యూల్ డే 1835 సెప్టెంబరులో బోస్టన్‌లో ఓడ ఎక్కి, 1836 ఫిబ్రవరిలో కలకత్తా, మార్చిలో విశాఖ చేరాడు. అక్కడి నుంచి శ్రీకాకుళం, తర్వాత మద్రాసు, చివరకు 1840లో నెల్లూరు. నాలుగేళ్ళలో ఇన్నిసార్లు కాపురం మారింది.

నేలమీది ప్రయాణం ఎలా ఉండేదో కాస్త వివరంగా చూడాలి. రైలు లేదు. ఎద్దుబండి, లేదా పల్లకీ. ఎండ తీవ్రత వల్ల ఎక్కువగా రాత్రిళ్ళు నడిచేవారు, కాగడా పట్టేవాడు ముందుండేవాడు. మజిలీ మజిలీకి బోయీలు మారాలి. ముందుగా కబురు చేయకపోతే కొత్త బోయీలు దొరకరు. వంతెనలు లేని ఏళ్ళలో వాగు పొంగితే పిల్లలతో గట్టునే ఆగాలి. మిషనరీల ఉత్తరాల్లో ఈ ఇబ్బందులు పదేపదే కనిపిస్తాయి. అయితే వాటిలో చాలావరకు స్వదేశంలోని దాతలు చదవడానికి రాసినవని విద్యార్థులు గుర్తుంచుకోవాలి. భుజం మీద పల్లకీ మోసిన బోయీల పేర్లు వాటిలో కనబడటం అరుదు.

నెల్లూరు నుంచి బోస్టన్‌కు ఉత్తరం చేరడానికి నెలలు పట్టేది. డే జబ్బుపడి 1846లో స్వదేశం వెళ్ళాక నెల్లూరు మిషన్‌ను మూసేయాలా అన్న చర్చ అమెరికాలో నడిచింది. చివరికి 1849లో లైమన్ జ్యూయెట్ దంపతులతో ఆయన తిరిగి వచ్చాడు. 1869లో సూయజ్ కాలువ, 1890ల చివరికి మద్రాసు-బెజవాడ రైలు మార్గం వచ్చి ప్రయాణం తేలికైంది. అప్పటికి కాగితాల బాధ కూడా పోయిందని చాలామంది అనుకొని ఉంటారు.

1914 యుద్ధం ఆ భ్రమను తీసేసింది. తిరుపతి, నాయుడుపేట ప్రాంతాల్లో హెర్మన్స్‌బర్గ్ మిషన్, సాలూరు వంటి చోట్ల బ్రెక్లుమ్ మిషన్ జర్మనీవి. తెలుగు మాట్లాడుతూ ఏళ్ళ తరబడి ఇక్కడే ఉన్నవారు ఒక్కసారిగా శత్రు దేశస్థులయ్యారు. దేశంలోని అనేకమంది జర్మన్ మిషనరీలను అహ్మద్‌నగర్ శిబిరంలో నిర్బంధించారు. 1915 నవంబరులో కలకత్తా నుంచి జర్మన్ కుటుంబాలను తీసుకెళ్ళిన ఓడ పేరు గోల్కొండ! యాదృచ్ఛికమే గానీ, ఆ పేరు చదివిన తెలుగువాడికి మనసు చివుక్కుమంటుంది. ఆ మిషన్ల పనిని తర్వాత అమెరికన్ లూథరన్లు చేపట్టారు.

యుద్ధం ముగిశాక 1920లో పాస్‌పోర్టు చట్టం వచ్చింది. బ్రిటిషేతర మిషనరీలు ప్రభుత్వానికి విధేయంగా ఉంటామని హామీ ఇవ్వాల్సి వచ్చింది. 1939లో విదేశీయుల నమోదు చట్టం తోడైంది. స్వాతంత్ర్యం తర్వాత కూడా నమోదు నిబంధన కొనసాగింది. 2021 మార్చిలో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఓసీఐ కార్డు ఉన్నవారు కూడా మిషనరీ పనికి ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. అంటే ఒంగోలులో పుట్టి అమెరికా పౌరసత్వం తీసుకున్న ఒక పాస్టరు, సొంత ఊళ్ళో ఆ పని చేయదలిస్తే దరఖాస్తు పెట్టుకోవాల్సిందే. డే కుటుంబం సముద్రంపై సుమారు ఐదు నెలలు గడిపింది. ఈయన ఒక్కరోజులో విమానంలో దిగుతాడు, ఆ అనుమతి చేతిలో ఉంటే.