మనోవర్తి

శ్రీకాకుళం, విజయనగరం కోర్టుల్లో తరచూ వినిపించే మాట మనోవర్తి. చూడగానే మనసు గుర్తొస్తుంది. కానీ పాత రూపం ‘మనువర్తి’, అంటే జీవనాధారం. ‘మను’ అంటే బతకడం. అచ్చ తెలుగు క్రియ. మనుగడ, మనికి దాని తోబుట్టువులే. మనోవర్తి కోరడం మనసు కరిగించడం కాదు, బతుకు అడగడం.

పెళ్లినీ ‘మనువు’ అంటాం, రెండోదైతే ‘మారుమనువు’. ఆ మనువే మనుగడను నలిపేస్తే?

అప్పుడు పనికొచ్చే 2005 నాటి గృహహింస చట్టం 26వ సెక్షన్ చాలామందికి తెలియదు. కుటుంబ న్యాయస్థానంలో నడుస్తున్న విడాకుల కేసులోనే భార్య రక్షణ, నివాసం, డబ్బు కోసం ఉత్తర్వులు అడగవచ్చు. ఆ కేసు భర్త వేసిందైనా సరే.