అడాల్ఫ్ బుష్

అడాల్ఫ్ బుష్ (8 ఆగస్టు 1891 – 9 జూన్ 1952) జర్మన్ వయొలిన్ విద్వాంసుడు, స్వరకర్త. తన కాలంలో బేతోవెన్, బ్రామ్స్ రచనలు వాయించడంలో ఇతడికి సాటి చెప్పదగినవారు కొద్దిమందే. యూదుడు కాకపోయినా, ఎవరూ పొమ్మనకపోయినా, 1933లో నాజీలు గద్దెనెక్కగానే స్వదేశంలో కచేరీలు మానేశాడు.

పుట్టింది వెస్ట్‌ఫాలియాలోని జీగెన్ పట్టణంలో. తండ్రి విల్హెల్మ్ వడ్రంగం నుంచి వయొలిన్ల తయారీకి మళ్లినవాడు. ఆ ఇంట్లో సంగీతం విద్యా, బతుకుతెరువూ కూడా. అడాల్ఫ్, అతని అన్న ఫ్రిట్జ్ చిన్నతనంలోనే డాన్సులకు వాయించేవారు. ఫ్రిట్జ్ తర్వాత పేరుమోసిన కండక్టరయ్యాడు. తమ్ముడు హెర్మాన్ చెల్లో పట్టాడు.

పదకొండేళ్ల వయసులో, 1902లో, అడాల్ఫ్ కొలోన్ సంగీత కళాశాలలో చేరాడు. అక్కడి గురువులు విలీ హెస్, బ్రామ్ ఎల్డరింగ్ ఇద్దరూ యోజెఫ్ యోఆఖిమ్ దగ్గర నేర్చుకున్నవారు. బ్రామ్స్ వయొలిన్ కన్చెర్టోను మొట్టమొదట వాయించింది ఆ యోఆఖిమే. మన గురుపరంపర లెక్కన చూస్తే బుష్ బ్రామ్స్ ఇంటి మనిషి. 1909లో అన్నదమ్ములిద్దరూ మాక్స్ రేగర్ వయొలిన్ కన్చెర్టోను ఆ స్వరకర్త ఎదుటే వాయించారు. ఫ్రిట్జ్ పియానో మీద వాద్యబృందం భాగం వాయించాడు, అడాల్ఫ్ కాగితం చూడకుండా వయొలిన్ వాయించాడు. రేగర్‌తో స్నేహం అప్పుడే కుదిరింది.

1912లో వియన్నా కొన్‌త్సెర్ట్‌ఫెరైన్ వాద్యబృందానికి ప్రధాన వయొలినిస్టు, 1918లో బెర్లిన్ సంగీత కళాశాలలో ఆచార్యుడు. అయితే బుష్ పేరు నిలిపింది ఈ ఉద్యోగాలు కావు, మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1919లో పెట్టిన బుష్ క్వార్టెట్. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో కలిసిన మేళం ఇది. ఇందులో ప్రధాన గాత్రం, పక్కవాద్యం అనే తేడా లేదు. మొదటి వయొలిన్ దారి చూపుతుంది గాని, మాట నలుగురిదీ. 1930 తర్వాత రెండో వయొలిన్‌లో గోస్టా ఆండ్రియాసన్, వయోలాలో కార్ల్ డాక్టర్, చెల్లోలో తమ్ముడు హెర్మాన్ ఉన్న జట్టే శ్రోతలకు బాగా తెలిసినది. బేతోవెన్ చివరి క్వార్టెట్లను 1930లలో రికార్డు చేసింది వీళ్లే. నిమిషానికి 78 చుట్లు తిరిగే అప్పటి రికార్డు ఒక పక్కకు నాలుగైదు నిమిషాలకు మించి పట్టదు. పావుగంట సాగే విలంబ భాగాన్ని ముక్కలు ముక్కలుగా వాయిస్తూ కూడా ధార తెగనివ్వకపోవడం ఆ రికార్డులు విన్నవారికే తెలుస్తుంది. బుష్ నాదం తేనెలాంటిది కాదు, కొన్నిచోట్ల గరుకు కూడా. తీపి కోరేవారికి ఆ కాలపు మరో వయొలినిస్టు క్రైస్లర్ ఉండనే ఉన్నాడు.

1920లో పదిహేడేళ్ల యూదు పియానిస్టు రూడాల్ఫ్ సెర్కిన్ బుష్ ఇంటికి చేరి, అక్కడే ఉండిపోయాడు. సెర్కిన్ తరచూ చెప్పుకున్న ముచ్చట ఒకటుంది. బెర్లిన్‌లో బాఖ్ కచేరీ అయ్యాక జనం ఇంకోటి వాయించమన్నారు. ఏం వాయించనని అడిగితే బుష్ వేళాకోళానికి బాఖ్ సుదీర్ఘ రచన గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్ అన్నాడు. కుర్రాడు నిజమే అనుకుని మొత్తం వాయించాడు. లేచి చూసేసరికి తనతో కలిపి హాల్లో మిగిలింది నలుగురు. 1935లో అతడు బుష్ కూతురు ఇరేనెను పెళ్లాడాడు.

1927లో బుష్ కుటుంబం స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌కు మారింది. బాల వయొలినిస్టు యెహూదీ మెనూహిన్ శిష్యరికం చేసింది అక్కడే. 1952లో నెహ్రూ పిలుపు మీద మన దేశానికి వచ్చి కచేరీలు చేసిన మెనూహిన్ ఇతడే.

1933 మార్చిలో నాజీ మూకలు డ్రెస్డెన్ ఒపేరా నుంచి ఫ్రిట్జ్‌ను వెళ్లగొట్టాయి. ఏప్రిల్ 1న యూదుల దుకాణాల బహిష్కారం జరిగింది. ఆనాడు బెర్లిన్‌లో ఉన్న బుష్ క్వార్టెట్ ఒప్పుకున్న కచేరీ ముగించింది. మిగతా జర్మన్ కచేరీలన్నీ బుష్ రద్దు చేశాడు. అతని సంపాదనలో పెద్ద వాటా ఆ దేశానిదే. 1935లో స్విస్ పౌరసత్వం తీసుకున్నాడు. అదే ఏడు బుష్ చేంబర్ ప్లేయర్స్ అనే చిన్న బృందంతో లండన్‌లో బాఖ్ బ్రాండెన్‌బర్గ్ కన్చెర్టోలు రికార్డు చేశాడు. 1938లో ఇటలీ కూడా యూదులపై చట్టాలు తేవడంతో ఆ దేశానికీ వెళ్లడం మానుకున్నాడు.

1939లో అమెరికా చేరాడు. మరుసటి ఏడే గుండెపోటు వచ్చింది. ఒంటరి వాద్యకారుడి మెరుపులకు అలవాటుపడ్డ అక్కడి శ్రోతల్లో క్వార్టెట్‌కు యూరప్‌లో ఉన్నంత గిరాకీ లేదు. 1946లో భార్య ఫ్రీడా పోయింది. జర్మన్ వేదిక మళ్లీ ఎక్కింది రెండో ప్రపంచ యుద్ధం ముగిశాకే.

1951లో అల్లుడు సెర్కిన్‌తో, సంగీతకారులైన మోయిజ్ కుటుంబంతో కలిసి వెర్మాంట్ రాష్ట్రంలోని మార్ల్‌బరోలో వేసవి సంగీత పాఠశాల, ఉత్సవం మొదలుపెట్టాడు. పేరున్న విద్వాంసులు, కుర్రవాళ్లు ఒకే మేళంలో కూర్చుని వాయించడం అక్కడి పద్ధతి. ఏడాది తిరక్కుండానే, దగ్గరలోని గిల్‌ఫర్డ్‌లో బుష్ చనిపోయాడు. మార్ల్‌బరోను సెర్కిన్ 1991లో తాను పోయేదాకా నడిపాడు.