మావాడు తప్పు చేయడు: ఒక రాజకీయ అలవాటు పుట్టుపూర్వోత్తరాలు

2024 ఫిబ్రవరిలో 16వ నంబరు జాతీయ రహదారి వెంబడి రెండు పెద్ద సభలు జరిగాయి. 3వ తేదీన ఏలూరు పక్కన దెందులూరులో వైఎస్సార్ కాంగ్రెస్ ‘సిద్ధం’ సభ. 28న తాడేపల్లిగూడెం దగ్గర తెలుగుదేశం, జనసేన కలిసి పెట్టిన ‘జెండా’ సభ. మొదటి సభకు పెద్దదిక్కైన జగన్మోహన్ రెడ్డి ఆస్తుల కేసుల్లో 2012 మే నుంచి 2013 సెప్టెంబరు దాకా జైలులో ఉన్నారు. రెండో సభకు మూలమైన పొత్తు జైలు గుమ్మంలోనే పుట్టింది. స్కిల్ డెవలప్‌మెంట్ కేసులో 2023 సెప్టెంబరు 9న అరెస్టయిన చంద్రబాబు నాయుడిని 14న రాజమహేంద్రవరం జైలులో కలిసి బయటికి వచ్చిన పవన్ కల్యాణ్, అక్కడికక్కడే పొత్తు ప్రకటించారు. జగన్, చంద్రబాబు ఇద్దరూ తమమీద వచ్చిన ఆరోపణలను తోసిపుచ్చారు. ఇద్దరి పార్టీలూ వాళ్ల వెనక గట్టిగా నిలబడ్డాయి. కేసును ఎన్నికల ప్రచారంలోకి తీసుకెళ్లాయి.

మన రాజకీయం మొదట్లో ఇలా లేదు. అవినీతి ఆరోపణ వచ్చినప్పుడు అధినేత నోట మొదట రావలసిన మాట ఏది అన్న ప్రశ్నకు స్వతంత్రం వచ్చిన తొలి రోజుల్లో ఒక జవాబు ఉండేది, ఇప్పుడు మరొకటి ఉంది. ఆ మార్పు ఎలా వచ్చిందో తెలుసుకోవడం కొల్లేరు సరస్సు చుట్టుపక్కల బతికేవాళ్లకు మరీ అవసరం. దాని ఖరీదు ఇక్కడ నీటి మట్టంలోనే కనిపిస్తుంది.

రాజీనామా తీసుకుని, మంచిమాట చెప్పి

ఢిల్లీలో మొదటి పెద్ద పరీక్ష ముంద్రా వ్యవహారం. జీవిత బీమా సంస్థ సొమ్మును ఒక వ్యాపారి కంపెనీల్లో పెట్టడం మీద 1957 డిసెంబరులో ఫిరోజ్ గాంధీ లోక్‌సభలో నిలదీశారు. ఆయన నిలదీసింది సొంత పార్టీ ప్రభుత్వాన్ని, అదీ స్వయానా మామగారైన నెహ్రూ ప్రభుత్వాన్ని. జస్టిస్ చాగ్లా బహిరంగ విచారణ జరిపారు. ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి 1958 ఫిబ్రవరిలో పదవి వదిలారు. నెహ్రూ ఆయన్ని వెనకేసుకు రాకపోలేదు. నిజాయితీ మీద తనకున్న నమ్మకాన్ని చెప్పారు, పోతున్నందుకు బాధపడ్డారు. అయితే రాజీనామా మాత్రం తీసుకున్నారు. సహచరుడి మీద అభిమానం ఒకటి, పదవి మరొకటి అన్న తేడా అప్పటికి నిలిచే ఉంది.

మన రాష్ట్రంలో ఆ కాలం నాటి గుర్తులు రెండున్నాయి. దామోదరం సంజీవయ్య ముఖ్యమంత్రిగా ఉండగా 1961 జనవరిలో అవినీతి నిరోధక శాఖ ఏర్పడింది. ఈనాటికీ లంచం తీసుకుంటూ దొరికిన ఉద్యోగిని పట్టుకునే ఏసీబీ అదే. రెండోది నీలం సంజీవరెడ్డి రాజీనామా. కర్నూలు జిల్లాలో బస్సు రూట్లను జాతీయం చేయడంలో ముఖ్యమంత్రి తన రాజకీయ ప్రత్యర్థుల మీద కక్ష తీర్చుకున్నారని ప్రైవేటు బస్సుల యజమానులు సుప్రీంకోర్టుకెక్కారు. ఆ ఆరోపణను కాదంటూ ముఖ్యమంత్రి స్వయంగా అఫిడవిట్ వేయలేదని 1964 జనవరి తీర్పులో కోర్టు ఎత్తిచూపింది. ఆయన పదవిలో ఉండి తీరాలని కోర్టు అనలేదు, దిగిపోవాలనీ అనలేదు. ఫిబ్రవరిలో ఆయనే దిగిపోయారు. కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. సంజీవరెడ్డి ప్రజాజీవితం అంతటితో ముగిసిపోలేదు. 1977లో ఆయన రాష్ట్రపతి అయ్యారు. పదవి వదిలితే నాయకుడు చచ్చిపోడని చెప్పడానికి ఇంతకు మించిన రుజువు తెలుగువాళ్ల దగ్గర లేదు.

‘కక్ష సాధింపు’ ఎక్కడిది

ఎమర్జెన్సీ తర్వాత పరిస్థితి మారింది. 1977లో కేంద్రంలో జనతా ప్రభుత్వం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో జలగం వెంగళరావు కాంగ్రెస్ ప్రభుత్వం అలాగే ఉంది. ఆయన మీద వచ్చిన ఆరోపణలపై కేంద్రం విమదలాల్ కమిషన్ వేసింది. కర్ణాటకలో దేవరాజ్ అర్స్ మీద గ్రోవర్ కమిషన్ వేసింది. ప్రత్యర్థి ప్రభుత్వమే విచారణ వేయడం, విచారణకు గురైనవాడు దాన్ని రాజకీయ దాడి అనడం అక్కడినుంచి జమిలిగా నడిచాయి.

ఆ మాటలో కొంత నిజముంది. అది ఒప్పుకోకపోతే ఈ చరిత్ర అర్థం కాదు. ప్రభుత్వం మారగానే కేసులు కదలడం, మళ్లీ మారగానే ఆగిపోవడం మనం కళ్లారా చూస్తున్నాం. దర్యాప్తు సంస్థ ఎవరి చేతిలో ఉంటే వారి శత్రువులే దొంగలుగా కనిపించే చోట, అధినేత ‘ఇది కక్ష’ అంటే కార్యకర్త నమ్ముతాడు. కాని నిజం కొంతే. కక్షతో పెట్టిన కేసులోనూ పోయిన సొమ్ము పోయినట్టే ఉండవచ్చు. ఆ రెండో ప్రశ్నను వినపడకుండా చేయడమే ఈ మాటకున్న బలం.

కోర్టు చెప్పేదాకా

1983లో ఎన్టీ రామారావు అవినీతి మీద ధ్వజమెత్తి అధికారంలోకి వచ్చారు. ఆ ఏడాదే లోకాయుక్త చట్టం చేశారు. అదే రామారావు మీద కాంగ్రెస్ నాయకుడు ద్రోణంరాజు సత్యనారాయణ హైకోర్టుకు వెళ్లారు. కొన్ని ఆరోపణలకు ప్రాథమిక ఆధారం ఉందన్న తీర్పు వచ్చినా రామారావు పదవిలోనే కొనసాగారు. పార్టీ ఆయన వెంటే ఉంది. 1964 నాటి కొలమానం అప్పటికే సడలింది.

చివరిసారిగా అది పనిచేసింది 1992లో. ప్రైవేటు వైద్య, దంత కళాశాలలకు ఇచ్చిన అనుమతులను హైకోర్టు కొట్టేసి, ప్రభుత్వ తీరును తప్పుపట్టింది. ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దన రెడ్డి రాజీనామా చేశారు. అక్టోబరులో కోట్ల విజయభాస్కర రెడ్డి వచ్చారు. ఆ తర్వాత కోర్టు వ్యాఖ్యకే కుర్చీ దిగిన ముఖ్యమంత్రిని మన రాష్ట్రం చూడలేదు. ‘చట్టం తన పని తాను చేసుకుపోతుంది’ అనే మాట 2004 తర్వాత వైఎస్ రాజశేఖర రెడ్డి నోట తరచు వినిపించి, అన్ని పార్టీలకూ ఊతపదమైంది. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కాని చట్టం పని మొదలై తుది తీర్పు వచ్చేసరికి పదేళ్లు, ఇరవై ఏళ్లు పడుతుంది. అన్నాళ్లూ ఆరోపణ ఎదుర్కొంటున్నవాడు అదే శాఖను, అవే ఫైళ్లను చూస్తూ కూర్చోవచ్చు.

2012లో మరో అడుగు పడింది. వైఎస్ హయాంలో ఇచ్చిన 26 జీవోల మీద ఆరుగురు మంత్రులకు సుప్రీంకోర్టు నోటీసులిచ్చింది. మే నెలలో వాన్‌పిక్ భూముల వ్యవహారంలో మంత్రి మోపిదేవి వెంకటరమణను సీబీఐ అరెస్టు చేసింది. ధర్మాన ప్రసాదరావు మీద ఛార్జిషీటు వేసింది. కిరణ్ కుమార్ రెడ్డి ప్రభుత్వం ధర్మాన విషయంలో ప్రాసిక్యూషన్‌కు అనుమతి నిరాకరించింది. అది మంత్రివర్గం సమిష్టి నిర్ణయమని, ఒక్క మంత్రిని ఎలా తప్పుపడతారని వాదన. అందరూ కలిసి తీసుకున్న నిర్ణయానికి అందరూ జవాబుదారీ అన్నది రాజ్యాంగం ఉద్దేశం. ఎవరూ జవాబు చెప్పక్కర్లేదన్న అర్థంలో అది వాడుకలోకి వచ్చింది. చివరికి 2013 మేలో ధర్మాన, సబితా ఇంద్రారెడ్డి అధిష్ఠానం ఒత్తిడి మీద రాజీనామా చేశారు.

తర్వాత వాళ్ల దారులు చూడండి. మోపిదేవి, ధర్మాన వైఎస్సార్ కాంగ్రెస్‌లో చేరి మళ్లీ మంత్రులయ్యారు. మోపిదేవి 2024లో తెలుగుదేశంలోకి వెళ్లారు. సబిత టీఆర్ఎస్‌లో చేరి తెలంగాణలో మంత్రి అయ్యారు. నిన్న వేలెత్తి చూపిన పార్టీ ఇవాళ గొడుగు పట్టింది. కేసు అదే, మనిషి అదే, మారింది కండువా. అందుకే ఏ అధినేత రెండో పక్షం నాయకుణ్ణి విమర్శించినా జనం చెవిన పెట్టడం మానేశారు.

తమ్మిలేరు ఇసుక, కొల్లేరు గట్లు

ఇదంతా హైదరాబాదు, ఢిల్లీ కథలా కనిపిస్తుంది. మన ఊళ్లలో ఇది ఏ రూపంలో దిగుతుందో 2015 జులైలో తెలిసింది. ముసునూరు తహసీల్దారు తమ్మిలేరులో ఇసుక తవ్వకాలను ఆపడానికి సిబ్బందితో వెళ్లారు. దెందులూరు ఎమ్మెల్యే, ప్రభుత్వ విప్ చింతమనేని ప్రభాకర్, ఆయన అనుచరులు తమమీద దాడి చేశారని ఆమె ఫిర్యాదు చేశారు. ఎమ్మెల్యే ఆ ఆరోపణను ఖండించారు. రెవెన్యూ ఉద్యోగులు రాష్ట్రమంతా ఆందోళనకు దిగారు. ముఖ్యమంత్రి చంద్రబాబు విచారణ వేస్తామన్నారు. తర్వాత ప్రభుత్వం వైపు నుంచి ముందుకొచ్చిన వాదన ఏమిటంటే, తహసీల్దారు కృష్ణా జిల్లా హద్దు దాటి పశ్చిమ గోదావరిలోకి వెళ్లారని. ఇసుక ఎవరు తవ్వారు, ఎవరి అండతో తవ్వారు అన్న ప్రశ్న పక్కకు పోయి, హద్దురాయి ఎక్కడుందన్న ప్రశ్న ముందుకొచ్చింది. విప్ పదవి ఆయనకే ఉండిపోయింది. 2019లో ప్రభుత్వం మారాక ఆయన వేరే కేసుల్లో రెండు నెలలు ఏలూరు జైలులో ఉండి వచ్చారు. నవంబరులో చంద్రబాబు దుగ్గిరాలలో ఆయన ఇంటికి వెళ్లి, అవి వేధింపు కేసులన్నారు. 2024లో ఆయన మళ్లీ గెలిచారు.

ఈ ఉదంతంలో తప్పు ఎవరిదో తేల్చడం నా పని కాదు. విచారణ పూర్తికాకముందే పైనుంచి వచ్చిన మాటను మొదట విన్నది ఎవరన్నదే నాకు ముఖ్యం. ఓటరు కన్నా ముందు, కోర్టు కన్నా ముందు, మండలంలో పనిచేసే ఎమ్మార్వో విన్నారు, వీఆర్వో విన్నారు, ఫారెస్టు గార్డు విన్నాడు. రేపు ఇసుక ట్రాక్టరు ఎదురైతే ఆపాలా, పక్కకు తప్పుకోవాలా అన్నది వాళ్లు ఆ మాటను బట్టే నేర్చుకున్నారు.

కొల్లేరు కథ ఇదే పాఠానికి పెద్ద రూపం. 1976 ప్రాంతంలో వెంగళరావు ప్రభుత్వం కొల్లేటి లంకల్లో మత్స్యకారులకు, పేదలకు సొసైటీల ద్వారా చేపల చెరువులిచ్చింది. ఉద్దేశం మంచిదే. కాని పెట్టుబడి ఉన్నవాళ్లు లీజులు పట్టారు, గట్లు పెరిగాయి, సరస్సు తగ్గింది. 1999 అక్టోబరులో జీవో 120 ద్వారా +5 కాంటూరు (సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) వరకు, 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో అక్రమ చెరువుల గట్లను పేల్చేశారు, పొక్లెయిన్లతో కొట్టేశారు. అయినా రెండేళ్లకే, 2008లో, అభయారణ్యాన్ని +3 కాంటూరుకు కుదించమని శాసనసభ తీర్మానం చేసింది. కేంద్రం పంపిన అజీజ్ కమిటీ కుదించవద్దని చెప్పింది. ఈలోపు గట్లు మళ్లీ లేచాయి.

లంక గ్రామాలవాళ్ల కష్టం నిజమైనది. జిరాయితీ భూమి అభయారణ్యంలో చిక్కుకుని, దానికి పరిహారం అందక, వేరే బతుకుతెరువు చూపించే నాథుడు లేక వాళ్లు నలిగిపోయారు. కాని వాళ్ల పేరు చెప్పి కాపాడుతున్నది ఎక్కువగా వాళ్లది కాని చెరువులను. ఏ పార్టీ వచ్చినా గట్టు వేసినవాడికి ఒక నాయకుడు, ఆ నాయకుడికి పైన ఒక అధినేత. మధ్యలో ఉన్న అటవీ అధికారి నోటీసు ఇచ్చి బదిలీ కోసం ఎదురుచూస్తాడు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరద కొల్లేటిలో పరుచుకోవడానికి చోటు తగ్గి, ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పోవడం ఆలస్యమైతే, నీరు వెనక్కి తన్ని ఊళ్లు మునుగుతాయి. నీటిలో నిలిచేది లంకల్లోని మట్టి గోడల ఇల్లే, నాయకుడి ఇల్లు కాదు.

చట్టంలోనే గొడుగు

ఇప్పుడు అండ మాటలతో ఆగడం లేదు. అవినీతి నిరోధక చట్టంలో ప్రాసిక్యూషన్‌కు ముందస్తు అనుమతి కావాలన్న నిబంధన మొదటినుంచీ ఉంది. 2018 సవరణతో 17ఎ సెక్షన్ వచ్చి, అధికారిక నిర్ణయాల మీద దర్యాప్తు మొదలుపెట్టడానికే అనుమతి కావాలంది. స్కిల్ కేసులో ఈ సెక్షన్ మీదే 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం భిన్నాభిప్రాయాలు చెప్పింది. నిజాయితీ గల అధికారి భయం లేకుండా సంతకం పెట్టాలన్నది ఆ సెక్షన్ ఉద్దేశం. అనుమతి ఇచ్చే చెయ్యి ఆరోపణ ఎదుర్కొంటున్నవాడి పార్టీదే అయితే, ఆ ఉద్దేశం తలకిందులవుతుంది.

ఆరోపణ వచ్చినవాడు నేరస్థుడు కాడు. అతనికి వకీలు కావాలి, న్యాయమైన విచారణ కావాలి, స్నేహితుల ఓదార్పూ కావాలి. అధినేత జైలుకు వెళ్లి పలకరించడంలో తప్పు లేదు. తీర్పు చెప్పడంలో తప్పుంది. నెహ్రూ నమ్మకాన్ని మాటల్లో చెప్పి, పదవిని వెనక్కి తీసుకున్నారు. ఆ రెండింటినీ మళ్లీ విడదీయడం అసాధ్యమేమీ కాదు.

అందుకు అధినేతను మనం మూడు అడగాలి. విచారణ ముగిసేదాకా ఆ శాఖ, ఆ పదవి అతని చేతిలో ఉండకూడదు. ఫిర్యాదు చేసిన అధికారిని ఆ వ్యవధిలో బదిలీ చేయకూడదు. విచారణ నివేదిక ఏదైనా జనం ముందు పెట్టాలి. మన పార్టీ అధికారంలో ఉన్నప్పుడే ఇవి అడగాలి. ఎదుటి పార్టీని అడగడం అందరికీ వచ్చు. ఏలూరులోనో గూడెంలోనో మన ఎమ్మెల్యే మీద ఆరోపణ వచ్చిన రోజున, ‘మావాడు తప్పు చేయడు’ అని మనమే ముందు అనకుండా ఉంటే, ఆ మాట అనడానికి అధినేత కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు.