రేచీకటి: తల్లిని దాటిపోయిన చికిత్స

నెలలు నిండుతున్న గర్భిణికి పొద్దుగూకాక చూపు ఆనకపోతే మన పల్లెల్లో దాన్ని చాలాకాలం జబ్బుగా లెక్కించలేదు. కాన్పయితే అదే పోతుందనుకున్నారు. అందులో కొంత నిజం లేకపోలేదు. చివరి మూడు నెలల్లో బిడ్డ ఎదుగుదల తల్లి ఒంట్లోని విటమిన్ ఎ నిల్వలను తోడేస్తుంది. అవి ముందే తక్కువగా ఉంటే, మసకవెలుతురులో చూపునిచ్చే రోడాప్సిన్ కంటిలో చాలినంత తయారుకాదు. కాన్పు తర్వాత చూపు తిరిగి వస్తుంది కానీ లోటు తీరదు. అది చనుబాల ద్వారా బిడ్డకు చేరుతుంది.

ఈ లోటుపై మన పోరాటానికి హైదరాబాదే కేంద్రం. 1918లో కూనూరులో మెక్‌కారిసన్ అనే వైద్యుడు మొదలుపెట్టిన పరిశోధనశాల 1958లో ఇక్కడికి తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఆ సంస్థ పరిశోధనల ఊతంతో 1970లో కేంద్రం పసిపిల్లలకు ఆరు నెలలకోసారి 2 లక్షల యూనిట్ల విటమిన్ ఎ మందు తాగించడం ప్రారంభించింది. పిల్లల అంధత్వాన్ని అడ్డుకోవడమే దాని లక్ష్యం. తల్లికి అందులో చోటులేదు. 1998-99 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే గర్భంతో ఉన్నప్పటి రేచీకటి గురించి స్త్రీలను అడిగింది. 2016-18 సమగ్ర పోషకాహార సర్వే మాత్రం పిల్లల, కౌమారుల రక్తాన్నే పరీక్షించింది. లెక్కలో లేని తల్లి పథకంలోకి ఎలా వస్తుంది?

పిల్లల మందే తల్లికీ పోయవచ్చు కదా అనేవారున్నారు. కూడదు. గర్భం తొలినెలల్లో అంత పెద్ద మోతాదు పిండానికి చేటు. చిన్న మోతాదుల విషయంలోనూ సాక్ష్యం ఒక్కతీరుగా లేదు. నేపాల్‌లోని సర్లాహీ జిల్లాలో వారంవారం ఇచ్చిన మాత్రలు తల్లుల మరణాలను 44 శాతం తగ్గించాయని 1999లో తేలింది. బంగ్లాదేశ్‌లో, ఘనాలో జరిగిన పెద్ద పరీక్షల్లో ఆ ఫలితం రాలేదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో, విటమిన్ ఎ లోటు తీవ్రంగా ఉన్న ప్రాంతాల్లోని గర్భిణులకే మాత్రలను సిఫారసు చేసింది. ఆకుకూర చౌకే కదా, వండుకోరేం అన్నది మరో ఆక్షేపణ. ఆకుల్లో ఉండేది నేరుగా విటమిన్ ఎ కాదు, బీటా కెరోటిన్. ఆహారంలోని 12 మైక్రోగ్రాముల కెరోటిన్ ఒంట్లో ఒక మైక్రోగ్రాము విటమిన్ ఎతో సమానం, అదీ కూరలో కాస్త నూనె పడితేనే. మునగాకు, తోటకూర మంచివే. గుడ్డు, పాలు తోడుకాకుండా వాటితోనే గట్టెక్కడం కష్టం.

ఈ లెక్కన 2015 జనవరి 1న తెలంగాణలో మొదలైన ఆరోగ్యలక్ష్మి సరైన దారి పట్టిందంటాను. అంగన్‌వాడీలో ఒక పూట భోజనం, రోజుకో గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు అందులో ఉన్నాయి. అయితే దాని అవసరం అందరికీ ఒకేలా ఉండదు. శ్రీరాంపూర్ లాంటి బొగ్గుబెల్టులో సింగరేణి గనుల ఉద్యోగి ఇంటికి కంపెనీ ఆసుపత్రి ఉంది. పక్క పల్లెలో కూలికి పోయే తల్లికి అంగన్‌వాడీయే దిక్కు. ఓపెన్‌కాస్టు గని కింద పొలం పోతే గట్టుమీది గంగవాయిలి కూర కూడా పోతుంది. పత్తిచేలో ఉన్న మనిషి మధ్యాహ్నం భోజనానికి అంగన్‌వాడీకి రాలేదు, ఇంటికి పంపిన గుడ్డు పిల్లల చేతికే పోతుంది. అంగన్‌వాడీ వేళలు కూలివేళలను బట్టి మారాలి. ప్రతి గర్భిణి కార్డులో రేచీకటికి ఒక గడి ఉండాలి. దానికి రక్తపరీక్ష అక్కర్లేదు. ఆశా కార్యకర్తలారా, ఇంటికి వెళ్లిన ప్రతిసారీ ఈ ఒక్కమాట అడగండి: "అక్కా, పొద్దుగూకినంక కండ్లు మంచిగ కనబడుతున్నయా?"