గ్రామఫోను మర చెప్పిన సాక్ష్యము

నాటాలులోని మన తెలుగువారి ఇండ్లలో కీ ఇచ్చే గ్రామఫోను పెట్టెలు ఇప్పటికీ అక్కడక్కడ కనబడుచున్నవి. పాడేవి తక్కువ. ఎవరిని అడిగినా "మా ముత్తాతగారు ఓడలో తెచ్చుకొన్నది" అనే చెబుతారు. ఆ మాట నమ్మి మేము కూడ ఒక పొరబాటు చేసినాము.

మా తెలుగు తరగతి పిల్లలకోసం పాత వస్తువులను ప్రదర్శించినప్పుడు మా పెదనాన్నగారి పెట్టెను తెచ్చి బల్లమీద ఉంచినాము. "1890లో ఓడలో వచ్చినది" అని మా చేతితోనే చీటీ వ్రాసి అంటించినాము. మూత లోపల కుక్క బొమ్మ ఉన్నది గదా, ఇంక సాక్ష్యమెందుకు అనుకొన్నాము. ఒక పిల్లవాడు కీ ఇస్తుండగా లోపల టప్పుమని స్ప్రింగు తెగినది. బాగుచేయుటకు పెట్టె విప్పినాము. అప్పుడుగాని సంగతి తెలియలేదు.

బెర్లినర్ గారి తొలి గ్రామఫోనులను చేతితోనే త్రిప్పవలసియుండెను. చెయ్యి అలసితే పాట కూడ మూలిగేది. 1896లో అమెరికాలోని కేమ్డెన్‌లో చిన్న కార్ఖానా నడుపుచున్న ఎల్డ్రిడ్జ్ జాన్సన్ ఆయనకు స్ప్రింగు మోటారు తయారుచేసి ఇచ్చినాడు. 1901లో విక్టర్ కంపెనీని స్థాపించినది ఈ జాన్సనే. ఈ ఒక్క సంవత్సరము తెలిసియుంటే మేము 1890 అని వ్రాసియుండము. పిల్లలకు చరిత్ర చెప్పే మాకు ఇది తలవంపే.

పెట్టెకు రంగు వేయవచ్చును, బాకా మార్చవచ్చును, బొమ్మ ఎవరైనా అంటించవచ్చును. పాత చిన్న పెట్టెలలోని మరలను కొత్త పెట్టెలలో బిగించి, పైన ఇత్తడి బాకా, ముందు కుక్క బొమ్మ పెట్టి పురాతనమని అమ్మేవారు కూడ ఉన్నారు. అందుచేత మరనే అడగవలెను.

మర బిగించిన పలకను మేకులు విప్పి పైకి తీస్తే ముందు గుండ్రని డబ్బా కనబడుతుంది. స్ప్రింగు దానిలో చుట్టుకొని ఉంటుంది. కొన్ని మరలకు ఒక స్ప్రింగు, కొన్నిటికి రెండు, పెద్దవాటికి ఇంకా ఎక్కువ. వేగమును అదుపులో ఉంచే గవర్నరు మూడు బరువులతో గిరగిర తిరుగుతుంది. తరువాత రేకుమీద అచ్చొత్తిన పేరు వెదకవలెను. ఇక్కడే చాలమంది మోసపోతారు. పెట్టెమీద ఒక పేరు, మరమీద మరొక పేరు ఉండుట ఆ రోజులలో మామూలే. పెట్టెలు చేసేవారు అనేకులు మరలను ఇంగ్లండులోని గ్యారార్డ్ వద్దనో, స్విట్జర్లాండులోని తోరెన్స్, పయ్యార్ వద్దనో కొనేవారు. కుక్క బొమ్మ కంపెనీవారు మాత్రము చాలవరకు తమ మరలను తామే చేసుకొనేవారు. పలకమీద వేరే మేకుల రంధ్రాలున్నవేమో కూడ చూడవలెను. ఉంటే మర మారినదన్నమాట.

కొత్త స్ప్రింగు కావలెనంటే పాతదాని వెడల్పు, మందము, పొడవు కొలిచి, కొసను రంధ్రమున్నదో మడత ఉన్నదో చూచుకొనవలెను. కీ పూర్తిగా దిగకుండ మాత్రము డబ్బా తెరవరాదు. ఎగిరిన స్ప్రింగు చెయ్యి కోస్తుంది. మాకు బొటనవ్రేలిమీద ఆ గుర్తు ఉన్నది.

మా పెదనాన్నగారి మరమీద కిరసనాయిలుతో జిడ్డు తుడువగా "గ్యారార్డ్" అని బయటపడినది. పలకమీద వేరే రంధ్రాలు లేవు. అంటే మర ఆ పెట్టెదే. తరువాత వచ్చినది కుక్క బొమ్మే. గ్యారార్డ్ కంపెనీ పుట్టినది 1915లో. మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట స్విండన్‌లో గ్రామఫోను మరలు చేసి పేరు తెచ్చుకొన్నది. నాటాలుకు కూలీల ఓడలు 1911లోనే ఆగిపోయినవి. ముత్తాతగారు దీనిని ఓడలో తెచ్చుట కల్ల.

ఈ సంగతి పెదనాన్నగారికి చెప్పుటకు మాకు నోరు రాలేదు. చివరకు మరను ఆయన ముందు పెట్టి చూపినాము. చాలసేపు మాట్లాడలేదు. తరువాత, "మా అమ్మ తన గాజులమ్మి దీన్ని కొన్నానని అంటూండేది. ఓడలో వచ్చిందని అందరూ అంటుంటే మేమెవ్వరమూ ఆమె మాట నమ్మలేదురా" అన్నారు.

పాత చీటీ చింపివేసినాము. కొత్తది ఆయనే చెప్పగా వ్రాసినాము: "ఇక్కడనే కొన్నది. గాజులమ్మి కొన్నది మా అమ్మ."